నిమ్మచెట్టు దగ్గర ఒక పాఠం

ఇరవై ఏళ్ళకు పైగా నేను జుమా ప్రసంగాలలో ఒక కథ చెబుతూ వచ్చాను. ఒక మనిషి తోటలో సీతాకోకచిలుక గూటిని చూస్తాడు. లోపలి ప్రాణి బయటికి రాలేక గంటల తరబడి పెనుగులాడుతూ ఉంటుంది. అతడు జాలిపడి కత్తెరతో గూటిని కోస్తాడు. ప్రాణి సులభంగా బయటికి వస్తుంది కానీ, దాని రెక్కలు విచ్చుకోవు. అది జీవితాంతం నేల మీద పాకుతూ ఉండిపోతుంది. కష్టం లేనిదే బలం రాదని, సహనమే విశ్వాసికి ఆభరణమని చెప్పి కథ ముగించేవాణ్ణి. శ్రోతలు తలలు ఊపేవారు.

ఆ కథ నాకు ఎవరు చెప్పారో గుర్తు లేదు. ఏ గ్రంథంలోనూ చదివిన జ్ఞాపకం లేదు. ఒక హదీసును ఉల్లేఖించేటప్పుడు అది ఎవరి నుండి ఎవరికి చేరిందో పేరు పేరునా విచారించాలని మాకు విద్యాలయంలో నేర్పారు. కథల విషయంలో మాత్రం ఆ జాగ్రత్తలో నూరో వంతు కూడా నేను పాటించలేదు. సీతాకోకచిలుక ఎలా పుడుతుందో కళ్ళారా చూడాలన్న ఆలోచన యాభై ఏళ్ళు దాటేవరకూ నాకు రానే లేదు.

నిరుడు వసంతం చివర ఒక పదేళ్ళ పిల్లవాడు ఆ కథను ఒక్క మాటతో ఆపేశాడు. ఆ సంగతి ఈ పత్రిక పాఠకులతో పంచుకోవాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. చెప్పుకోవడానికి కొంత సిగ్గుగా ఉన్న మాట నిజమే. అయినా మనలో పిల్లలున్న వారికి, పిల్లలకు చదువు చెప్పే వారికి ఇది ఉపయోగపడవచ్చు.

మా మదర్సాలో విద్యా సంవత్సరం షవ్వాల్ మాసంలో మొదలవుతుంది. నిరుడు రంజాన్ పండుగ మార్చి 31న వచ్చింది కనుక, ఏప్రిల్ రెండవ వారానికి కొత్త పిల్లలు రాసాగారు. ఏ ఉపాధ్యాయుడికైనా ఆ రోజులు కష్టమైనవే. రాత్రిళ్ళు దుప్పట్ల కింద వెక్కిళ్ళు వినిపిస్తాయి. ఉదయం కొన్ని పళ్ళేలలో అన్నం అలాగే మిగిలిపోతుంది. పది పదిహేను రోజులలో అంతా సర్దుకుంటుంది. కానీ ఆ అబ్బాయి ఏడవలేదు, అన్నం మానలేదు. మాట్లాడలేదు, అంతే.

గూడూరు వైపు ఒక నిమ్మతోటలో అతని తండ్రి పని చేస్తాడు. పిల్లవాణ్ణి నాకు అప్పగించి, "మీ చేతుల్లో పెడుతున్నాను సాబ్" అని వెళ్ళిపోయాడు. అబ్బాయి ఖాయిదా తెరిచి పెట్టుకుని కూర్చునేవాడు. నేను అక్షరం మీద వేలు పెట్టి ఉర్దూలో వివరించేవాణ్ణి. అతడు నా వేలిని చూసేవాడు, నా ముఖాన్ని చూసేవాడు, తల దించుకునేవాడు. రెండు వారాలకు కూడా నాలుగో పేజీ దాటలేదు. తోటి పిల్లలు అతణ్ణి 'గూంగా' అని పిలవడం మొదలుపెట్టారు. మూగవాడని దాని అర్థం. నేను వారించాను కానీ, వారించవలసినంత గట్టిగా వారించలేదు. బహుశా నా మనసులోనూ అదే మాట ఉండి ఉంటుంది.

విరామ సమయంలో అతడు ఎక్కడికో మాయమయ్యేవాడు. వజూ చేసే చోట నీరు పారే కాలువ పక్కన ఒక పెద్ద నిమ్మచెట్టు ఉంది. వెతికితే దాని కింద దొరికేవాడు. రెండు సార్లు నేనే చెయ్యి పట్టుకుని తరగతికి లాక్కొచ్చాను. ఆ తరువాత మా నాజిమ్ గారు అడిగితే, "ఇతనికి చదువు అబ్బేలా లేదు" అని చెప్పాను. తండ్రికి ఫోను చేసి వచ్చి తీసుకువెళ్ళమన్నాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. "సరే సాబ్, తోటలో తడులు పెట్టడం అయ్యాక వస్తాను" అన్నాడు.

ఆ వారమే జుమాలో నేను మళ్ళీ ఆ గూటి కథ చెప్పాను. చుట్టుపక్కల ఊళ్ళ వారు ఎక్కువగా వస్తారు కనుక, మా మసీదులో ఖుత్బాకు ముందు ప్రసంగం తెలుగులోనే ఉంటుంది. అస్ర్ నమాజు తరువాత నేను ఆవరణలో కూర్చుని ఉండగా ఆ అబ్బాయి తనంతట తానే వచ్చి నిలబడ్డాడు.

"హజ్రత్, సీతాకోకచిలుకకు గూడు ఉండదు."

అతడు మాట్లాడినందుకే ముందు ఆశ్చర్యపోయాను. చక్కని తెలుగులో మాట్లాడాడని తరువాత తోచింది. అతడేమన్నాడో ఆలోచించింది అన్నిటికంటే చివర.

"ఉండదని నీకెలా తెలుసు నాయనా?" అన్నాను. నేను అతనితో తెలుగులో మాట్లాడడం అదే మొదటిసారి.

"మా తోటలో నేనే కదా ఏరేది. రండి, చూపిస్తాను" అన్నాడు.

నిమ్మచెట్టు దగ్గరకు వెళ్ళాం. ఏటా వజూ నీళ్ళతో పెరిగే చెట్టు కావడం వల్ల, ఎండలు ముదిరినా లేత చిగుళ్ళు వేసి ఉంది. ఒక చిగురుటాకు అంచున గసగసాల గింజ కంటే కొంచెం పెద్దదిగా, లేత పసుపు రంగులో గుండ్రని గుడ్డు ఒకటే ఉంది. తల్లి ఒక్కొక్క ఆకు మీద ఒక్కొక్కటిగా పెడుతుందట. పక్క ఆకు మీద పిట్ట రెట్ట పడి ఉందని నేను అనుకున్నాను. అబ్బాయి నవ్వి, దాన్ని గడ్డిపోచతో మెల్లగా తాకాడు. ఆ రెట్ట కదిలింది! నల్లని గోధుమ రంగు ఒంటి మీద తెల్లని మచ్చ. పిట్టలు దాన్ని తమ రెట్టే అనుకుని వదిలేస్తాయి. మరో కొమ్మ మీద చిటికెన వేలంత పురుగు ఆకుపచ్చగా, పక్కల గోధుమ రంగు పట్టీలతో ఆకులో ఆకుగా కలిసిపోయి ఉంది. దాన్ని తాకగానే తల వెనుక నుండి నాగుపాము నాలుకలా రెండుగా చీలిన ఎర్రని కొమ్ము బయటికి వచ్చింది. పుల్లని ఘాటు వాసన ముక్కుకు తగిలింది. క్షణంలో ఆ కొమ్ము మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

"పిట్ట రెట్టలా ఉన్నదీ ఇదీ ఒకటే హజ్రత్. చర్మం మార్చుకుంటూ పెద్దదవుతుంది" అన్నాడు అబ్బాయి.

మనం వీటిని గొంగళిపురుగులంటాం. గొంగళి కప్పుకున్నట్టు ఒంటి నిండా వెంట్రుకలుండే పురుగులకు తగిన పేరు అది. ఈ నిమ్మ పురుగుకు వెంట్రుకలే లేవు. నున్నగా, చల్లగా ఉంది.

తరువాత అతడు నన్ను చెట్టు వెనుక వైపుకు తీసుకువెళ్ళాడు. ఒక పుల్లకు ఆకుపచ్చని చిన్న మూట లాంటిది ఏటవాలుగా అంటుకుని ఉంది. తోక కొసన పట్టుదారపు ముద్దతో పుల్లకు అతుక్కుని, నడుము చుట్టూ ఒకే ఒక్క దారాన్ని మొలతాడులా కట్టుకుని వెనక్కు వాలి ఉంది. తాటిచెట్టు ఎక్కేవాడు మోకు ఆధారంతో వెనక్కు వాలినట్టు. దాని చుట్టూ గూడు లేదు. పురుగు తన చివరి చర్మాన్ని విడవగా లోపల మిగిలిన రూపమే అది.

వేసవి సెలవులకు ఇంటికి వచ్చిన మా అమ్మాయి డిగ్రీలో జంతుశాస్త్రం చదువుతోంది. ఆ రాత్రి అడిగితే, "అబ్బాయి చెప్పింది నిజమే అబ్బా" అంది. దట్టమైన గూడు అల్లుకునేది పట్టుపురుగు. అది రెక్కలు వచ్చాక దీపాల చుట్టూ తిరిగే పురుగుల జాతికి చెందుతుంది. సీతాకోకచిలుకల పురుగులు సాధారణంగా అలాంటి గూడు అల్లవు. ఈ దశను ప్యూపా అంటారు. నిమ్మ మీద పెరిగే ఈ సీతాకోకచిలుకకు 1758లో లిన్నేయస్ పాపిలియో డెమోలియస్ అని పేరు పెట్టాడు. పురుగు దశలో అది నాలుగు సార్లు చర్మం విడుస్తుంది, ఐదోసారి విడిస్తే ప్యూపా. ఇవన్నీ ఆమె చెప్పింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కథ తప్పైనందుకు కాదు. ఆ అబ్బాయి ఇంట్లో తెలుగు తప్ప మరో భాష లేదు. మన జిల్లాల్లో అలాంటి ముస్లిం కుటుంబాలు ఎన్నో ఉన్నాయని నాకు తెలుసు. అయినా రెండు వారాలకు పైగా అతనితో ఉర్దూలోనే మాట్లాడాను. జబర్, జేర్, పేష్ అంటూ స్వరచిహ్నాలను వివరిస్తూ పోయాను. అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థం కాలేదని చెప్పడానికి కూడా భాష లేదు. నేను అతణ్ణి మందబుద్ధి అన్నాను. ఇన్నేళ్ళలో నేను ఇలాగే ఇంటికి పంపేసిన పిల్లలు గుర్తుకు వచ్చారు. వారిలో ఎందరికి చదువు రాలేదో, ఎందరికి నా మాట అర్థం కాలేదో ఇప్పుడు తేల్చుకునే మార్గం లేదు. పరలోకంలో ఆ లెక్క అడిగే దినం ఉందని మాత్రం తెలుసు.

మరునాడు ఫజ్ర్ తరువాత ఖాయిదాతో అతణ్ణి నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. "ఇదిగో, అక్షరం మీద గీత ఉంటే 'అ', కింద గీత ఉంటే 'ఇ'. పైన ఈ చిన్న వంకర ఉంది చూడు, ఇది 'ఉ'. తెలుగులో దీన్ని ఏమంటారు?"

"కొమ్ము" అన్నాడు. తరువాత నా ముఖంలోకి చూసి, "నిమ్మ పురుగు కొమ్ము లాగా" అని నవ్వాడు. ఆ నవ్వును నేను అప్పుడే మొదటిసారి విన్నాను. ఆ ఉదయమే రెండు పేజీలు అయ్యాయి.

నాలుగు రోజులకు అతని తండ్రి వచ్చాడు. సంచీ సర్దించడానికే వచ్చాడు. ఆయనను వరండాలో కూర్చోబెట్టి, పొరపాటు నాదేనని చెప్పాను. ఒక ఆలిమ్ తన ముందు ఇలా మాట్లాడితే ఎలా స్పందించాలో ఆయనకు తోచలేదు. "మీరు అలా అనకూడదు సాబ్" అని రెండు సార్లు అన్నాడు. ఇంతలో మా భార్య లోపలి నుండి ఒక సందేహం అడిగించింది. మా ఇంటి ముందు కుండీలో ఉన్న చిన్న నిమ్మ మొక్కను ఇవే పురుగులు మోడు చేస్తున్నాయి, ఏం చేయాలి? ఆయన వెంటనే తేరుకున్నాడు. నారుమడిలో, చిన్న మొక్కల మీద ఇవి చాలా నష్టం చేస్తాయని, ఒకటి రెండు పురుగులే మొక్కంతా తినేయగలవని చెప్పాడు. పెద్ద చెట్టుకు కొన్ని ఆకులు పోయినా లెక్క కాదట. "మా వాడికి అదే పని సాబ్. పొద్దున్నే మొక్కల మీద పురుగుల్ని ఏరి నీళ్ళ డబ్బాలో వేస్తాడు" అన్నాడు.

అంటే అబ్బాయికి ఈ ప్రాణుల గురించి ఇంత తెలియడానికి కారణం వాటిని చంపే పని చేయడమే. నేను అతని వైపు చూశాను. "పంట కోసం కదా" అన్నాడు మెల్లగా. నిజమే. పంటను కాపాడుకోవడంలో తప్పు లేదని అతనికి చెప్పాను. అయితే ఇక్కడ పెద్ద చెట్టు ఉంది కనుక, కుండీలోని పురుగులను ఆకుతో సహా తెచ్చి ఆ చెట్టు మీద వదులుదామన్నాను. తండ్రి ఒక్కడే తిరిగి వెళ్ళాడు.

మే నెల మొదటి రెండు వారాలు మా ఇద్దరికీ అస్ర్ తరువాత ఇదే పని. చెట్టు మీద మూడు ప్యూపాలను గుర్తు పెట్టుకున్నాం. ఆకుల మధ్య ఉన్నది ఆకుపచ్చగా, ఎండు పుల్ల మీద ఉన్నవి గోధుమ రంగులో ఉండడం చూసి, ఒకే ప్రాణికి ఈ తేడా ఎక్కడిదని ఆశ్చర్యపోయాను. చుట్టూ ఉన్న పరిసరాన్ని బట్టి ప్యూపా రంగు మారుతుందని మా అమ్మాయి చెప్పింది.

ఒక ఉదయం చూస్తే వాటిలో ఒకటి లేదు. పుల్ల మీద తెగిన దారం మాత్రం మిగిలింది. తొండ తిన్నదో, పిట్ట తిన్నదో. రెండవది నల్లబడింది. రేపో మాపో రెక్కలు వస్తాయని ఆశపడ్డాం. మరునాడు దాని పక్కన సూది మొనంత రంధ్రం పడింది. అందులో నుండి చీమకంటే చిన్నవైన కందిరీగల్లాంటివి ఒకదాని వెంట ఒకటి బయటికి వచ్చాయి. అవి లోపలే పుట్టి, లోపలి ప్రాణిని తిని పెరిగాయి. వందల పురుగులను నీళ్ళ డబ్బాలో వేసిన ఆ పిల్లవాడు చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

"ఇది ఏం తప్పు చేసింది హజ్రత్?"

ఇలాంటి ప్రశ్నలకు నా దగ్గర జవాబులు చాలా ఉన్నాయి. దైవ నిర్ణయం గురించి ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పినవాణ్ణి. ఆ పూట మాత్రం, "ఏ తప్పూ చేయలేదు నాయనా" అని అక్కడితో ఆపేశాను.

మూడవది మిగిలింది. ఒక సాయంత్రం దాని తొడుగు పలచబడి, లోపల నలుపు మీద పసుపు చుక్కలు కనిపించాయి. మరునాడు ఫజ్ర్ తరువాత ఇద్దరం అక్కడే ఉన్నాం. తల వైపు తొడుగు పగిలింది. నేను గడియారం చూసుకున్నాను. రెండు మూడు నిమిషాలలో ప్రాణి మొత్తం బయటికి వచ్చేసింది. నా కథలో గంటల తరబడి సాగిన పెనుగులాట ఎక్కడా లేదు. వచ్చిన ప్రాణికి పెద్ద పొట్ట, తడిసి ముడుచుకున్న గుడ్డపీలికల్లాంటి రెక్కలు. అది నాలుగడుగులు పైకి పాకి పుల్లను పట్టుకుని వేలాడింది. ఇక కదలలేదు. మెల్లగా రెక్కలు కిందికి సాగాయి. పావుగంటకు పూర్తి పొడవు వచ్చాయి కానీ, ఇంకా మెత్తగా ఉన్నాయి. తరగతి గంట మోగింది. మేము కదలలేదు. ఆ రోజు తరగతే అక్కడికి వచ్చింది. పాతికమంది పిల్లలు చెట్టు చుట్టూ నిశ్శబ్దంగా నిలబడ్డారు. గంటకు పైగా అయ్యాక అది రెక్కలు రెండు సార్లు విప్పి మూసింది. నలుపు మీద లేత పసుపు మచ్చలు, వెనుక రెక్కల కొసన ఒక ఎర్రని చుక్క. మసీదు గోడ దాటి వెళ్ళిపోయింది.

బయటికి రావడం కష్టం కాదు. బయటికి వచ్చాక, రెక్కలు గట్టిపడే దాకా ఎవరూ కదిలించకుండా ఉండవలసిన ఆ గంటే కష్టం. ఇల్లు విడిచి మా దగ్గరకు వచ్చే పిల్లల మొదటి వారాల గురించి నేను అప్పటి నుండి వేరే విధంగా ఆలోచిస్తున్నాను.

తరువాతి జుమాలో నా కథలోని తప్పును సభలోనే చెప్పి దిద్దుకున్నాను. నమాజు తరువాత ఒక పెద్దాయన, "కథే కదా మౌలానా, నీతి మంచిదే కదా, దిద్దడం ఎందుకు?" అన్నారు. నీతి మంచిదైతే అల్లాహ్ సృష్టి గురించి అబద్ధం చెప్పవచ్చా అని నేను ఆయనను అడగలేదు. నన్ను నేను అడుగుకున్నాను.

ఈ నెలల్లో మీ ఇళ్ళ దగ్గర కూడా ఇవి కనిపిస్తాయి. కరివేపాకు చెట్టు మీద దీని దగ్గరి బంధువు పెరుగుతుంది. జిల్లేడు ఆకుల మీద నలుపు, తెలుపు, పసుపు పట్టీల పురుగులు ఉంటాయి. మా ఖబ్రస్తాన్ గట్టున ఎన్నో చూశాం. అవి జిల్లేడు విషాన్ని ఒంట్లో దాచుకుంటాయి కనుక, పిట్టలు వాటి జోలికి పోవు. గన్నేరు ఆకుల కింద వెతికితే వెండి అద్దంలా మెరిసే ప్యూపా దొరకవచ్చు. మధ్యాహ్నం వజూ నీళ్ళు పారిన తడి మట్టి మీద సీతాకోకచిలుకలు గుంపుగా వాలి లవణాలు పీల్చుకుంటాయి. పిల్లలకు చూపించండి. రెక్కలను, ప్యూపాను ముట్టుకోనీయకండి. జిల్లేడు పాలు కళ్ళకు హాని చేస్తాయి కనుక చేతులు కడిగించండి. చిన్న మొక్కను కాపాడుకోవాలంటే పురుగును పెద్ద చెట్టుకు మార్చండి.

ఆ అబ్బాయి ఖాయిదా పూర్తి చేసి, ఈ శీతాకాలానికి చిన్న సూరాలకు వచ్చాడు. దివ్య ఖుర్ఆన్ 101వ సూరా అల్ ఖారిఆ చదువుతూ ఒక పదం దగ్గర ఆగాడు. ప్రళయ దినాన మనుషుల స్థితిని పోల్చిన చోట వచ్చే 'ఫరాష్' అన్న పదం అది.

"దీని అర్థం ఏమిటి హజ్రత్?"

ముప్పై ఏళ్ళుగా నేను ఆ పదాన్ని బోధిస్తున్నాను. దీపం మీద పడే రెక్కల పురుగులని వ్యాఖ్యాతలు చెప్పిన అర్థాన్ని చెప్పాను. అరబ్బీలో సీతాకోకచిలుకకు కూడా ఆ మాటే వాడతారని చెప్పాను.

"అయితే మన నిమ్మచెట్టుదేనా?"

"దాని చుట్టమే" అన్నాను. అతడు తల ఊపి, వేలు ఆ పదం మీదే ఉంచి, మళ్ళీ మొదటి నుండి చదివాడు. కొమ్మున్న చోటల్లా సరిగ్గా పలికాడు.